లేచిన ప్రభువు ఎక్కడ ఉన్నాడు? నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములో పునరుత్థాన బోధ

కొన్ని సంవత్సరముల క్రితము ఈస్టరు తెల్లవారుజామున, ఆళ్లగడ్డ దగ్గరి ఒక పల్లెలో ఆరాధన జరిగించుటకు వెళ్లితిని. ఆచారము చొప్పున విశ్వాసులు సమాధులకు సున్నము వేసి, కొవ్వొత్తులు వెలిగించి, చీకటిలోనే అక్కడ కూడుకున్నారు. ప్రార్థన ముగిసిన తరువాత ఒక వృద్ధురాలు నన్ను పక్కకు పిలిచి అడిగింది: "అయ్యగారూ, బ్రహ్మంగారు మఠంలో ఉన్నాడంటారు. నరసింహసామి కొండమీద ఉన్నాడంటారు. మన సామి సమాధి ఖాళీ అని మీరే చెప్తిరి. మరి ఆయన యాడున్నాడు?"

"ఆయన అంతటా ఉన్నాడమ్మా" అని చెప్పి వచ్చేశాను. నంద్యాల బస్సు ఎక్కిన తరువాత గాని నా జవాబులోని లోపము నాకు తెలియలేదు. నేను చెప్పినది అబద్ధము కాదు. కాని అది పునరుత్థానమును గూర్చిన జవాబు కాదు. ప్రహ్లాదుడు తన తండ్రికి ఇచ్చిన జవాబు కూడా దాదాపు అదే. ఆళ్లగడ్డ మండలములోనే అహోబిలము ఉన్నది. నవ నారసింహుల క్షేత్రమని, స్తంభము చీల్చుకొని దేవుడు వెలువడిన స్థలము అక్కడి ఉగ్రస్తంభమని హైందవుల నమ్మకము. పోతన భాగవతము ద్వారా ఆ కథ తెలుగువారి మనస్సులో ఎంతగా నాటుకొన్నదో వేరుగా చెప్పనక్కరలేదు. దేవుడు లేని చోటు లేదని ఆమెకు చిన్ననాటినుండి తెలుసు. దాని కొరకు క్రీస్తు మృతులలోనుండి లేవనవసరము లేదు. దేవుని సర్వవ్యాపకత్వము సృష్టికి సంబంధించినది. మత్తయి 28:20లోని వాగ్దానమైతే సిలువవేయబడిన ఒక వ్యక్తి, తన్ను విడిచి పారిపోయిన శిష్యులకు ఇచ్చిన మాట. ఈ రెంటినీ ఒకటిగా కలిపివేసి బోధించుట మన ప్రసంగములలో తరచుగా జరిగే పొరపాటు. నేనూ చేసితిని.

ఒక క్రియాపదము

1 కొరింథీ 15:3-5లో పౌలు తాను అంగీకరించి అప్పగించిన సువార్తను నాలుగు క్రియలలో చెబుతున్నాడు: చనిపోవుట, పాతిపెట్టబడుట, లేపబడుట, కనబడుట. గ్రీకు మూలములో వీటిలో మూడు ఒకే కాలములో ఉన్నవి. అవి జరిగి ముగిసిన సంగతులను తెలుపు రూపములు. లేపబడుటను తెలుపు 'ఎగేగెర్తయి' అను మాట మాత్రము వేరు. గతములో జరిగిన క్రియ యొక్క ఫలితము ఇప్పటికీ నిలిచియున్నదని ఆ రూపము సూచించును. మన తెలుగు అనువాదములో 'లేపబడెను' అని ఉండుటవలన ఈ తేడా చదువరికి కనబడదు. 'లేపబడియున్నాడు' అంటే మూలార్థమునకు దగ్గరగా ఉండును. ఈ అధ్యాయములో ఇదే రూపము ఏడు సార్లు వచ్చినది (4, 12, 13, 14, 16, 17, 20 వచనములు). కాబట్టి యాదృచ్ఛికమని తీసివేయలేము. ఆయన చనిపోయెను, ఆ మరణము ముగిసినది. ఆయన లేపబడెను, అది ముగియలేదు. రోమా 6:9 కూడా ఈ అర్థమునే మరియొక విధముగా చెబుతున్నది: లేచినవాడు ఇక చనిపోడు.

ఇక్కడ విద్యార్థులకు ఒక హెచ్చరిక. వ్యాకరణము సిద్ధాంతమును పుట్టించదు. పౌలు వాదన అంతటిలో ఆ రూపము ఇముడుచున్నది గనుక దానిని ఎత్తి చూపుచున్నాను. అంతకు మించి దానిమీద భారము మోపరాదు.

సజీవ సమాధి, ఖాళీ సమాధి

ఆ తల్లి ప్రశ్నలో మొదటి పేరు బ్రహ్మంగారిది. నంద్యాలకు పొరుగుననున్న బనగానపల్లెలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పశువులు కాచెనని, అక్కడి రవ్వలకొండ గుహలో కాలజ్ఞానము వ్రాసెనని ఆయన చరిత్ర చెబుతున్నది. పిమ్మట కడప జిల్లాలోని కందిమల్లాయపల్లెలో ఆయన సజీవ సమాధి పొందెనని భక్తుల విశ్వాసము. దూదేకుల కులమునకు చెందిన సిద్ధయ్య ఆయన ప్రియ శిష్యుడు. పువ్వుల కొరకు పంపబడిన సిద్ధయ్య తిరిగివచ్చి, గురువు సమాధిలో ప్రవేశించెనని విని విలపించగా, గురువు దర్శనమిచ్చి, ఓదార్చి, దండ కమండలములు, పాదుకలు ఇచ్చి మరల సమాధిలోనికి వెళ్లెనని కథ. కులభేదములను ఎదిరించిన ఆ గురువుపట్ల ఈ ప్రాంత ప్రజలకు గల గౌరవమును పాదిరి చులకన చేయరాదు. వేదికమీద ఎగతాళి చేసి చప్పట్లు కొట్టించుకొనువారు కొందరు ఉన్నారు. అది సువార్త ప్రకటన కాదు.

సిద్ధయ్య కథ విన్న ఏ క్రైస్తవునికైనా యోహాను 20వ అధ్యాయములోని మగ్దలేనే మరియ గుర్తుకు రాక మానదు. ఇద్దరూ సమాధి దగ్గర ఏడ్చినవారే, ఇద్దరికీ గురువు కనబడెను. సామ్యమును దాచుటకంటె దానిని ఒప్పుకొని, దారులు ఎక్కడ వేరగునో చూపించుట మేలు.

మొదటిది, యోగి మరణము చూడకుండ సమాధిలో ప్రవేశించును. యేసు నిజముగా చనిపోయెను. ఆయన పాతిపెట్టబడెనని మనము విశ్వాస ప్రమాణములో చెప్పుట అందుకే. మరణమును తప్పించుకొన్నవాని కథకు, మరణములోనికి దిగి దానిని జయించినవాని వార్తకు చాలా దూరమున్నది. పంట ఎండి అప్పులపాలై భర్తను పోగొట్టుకొన్న స్త్రీకి ఈ దూరము వేదాంత పాఠము లేకుండనే అర్థమగును. ఆమె భర్త మరణమును తప్పించుకొనలేదు. ఆమెకు కావలసినది అటువంటి మరణములోనికే దిగినవాడు.

రెండవది, సజీవ సమాధిలో జీవము లోపల ఉన్నది, గనుక భక్తుడు అక్కడికి ప్రయాణము చేయును. వైశాఖ శుద్ధ దశమినాడు మఠములో జరుగు ఆరాధనకు జనులు తరలి వెళ్లుదురు. సువార్తలోని దూత స్త్రీలతో చెప్పిన మాట దీనికి ఎదురుగా నిలుచును. ఆయన ఇక్కడ లేడు, మీరు వెళ్లి శిష్యులకు చెప్పుడి అని దాని భావము. సిద్ధయ్యకు గురువు వస్తువులు దొరికెను. మరియకు పట్టుకొనుటకు ఏమియు దొరకలేదు, ఒక పని దొరికెను (యోహాను 20:17). ఈస్టరునాడు సమాధుల తోటలో మన కూడిక అక్కడే ఆగిపోతే, తెలియకుండనే మనము ఖాళీ సమాధిని మరల నింపుచున్నాము.

బల్ల యొద్ద

అయితే ఆయన ఎక్కడ? ఈ ప్రాంతపు సంఘ చరిత్రలోనే ఈ ప్రశ్నకు ఒక జవాబు ఉన్నది. ఎస్.పి.జి. మిషనరీ జాన్ క్లే ముత్యాలపాడులో స్థిరపడినది మొదలుకొని ఇక్కడి ఆంగ్లికన్ సంఘములు బిషప్పు, గురుత్వము, సంస్కారము అను వాటిని గట్టిగా పట్టుకొన్నవి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతములోని ఆంగ్లికనులలో అత్యధికులు అందులో చేరలేదు. 1963లో నంద్యాల ప్రత్యేక డయాసిస్ అయినది. 1975లో గాని దక్షిణ ఇండియా సంఘములో ప్రవేశించలేదు. ఇటువంటి వివాదములలో నాయకత్వము, ధనసహాయము వంటి లౌకిక సంగతులు కలియకుండునని నేననను. కాని అడుగున ఉన్న ప్రశ్న చిన్నది కాదు: లేచిన ప్రభువు తన సంఘములో ఏ చేతుల ద్వారా, ఏ బల్ల యొద్ద తన్ను తాను అందించుకొనుచున్నాడు?

నెల్లూరులో పుట్టిన పి. చెంచయ్య (1886-1959) అదే కాలములో మరియొక దారి చూపెను. ఆయనకు సంఘ వ్యవస్థకంటె క్రీస్తుతో సూటియైన సంబంధము ముఖ్యము. యేసులో ఒక నూతన సృష్టి ఆరంభమైనదని, ఆత్మ ద్వారా మానవుడు అందులో పాలుపొందునని ఆయన బోధించెను. 1938 తాంబరం మహాసభ వేళ వెలువడిన 'రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా' గ్రంథములో ఆయన వ్యాసములున్నవి. సంఘము ప్రభువుకు అడ్డుగోడ కాగలదని ఆయన హెచ్చరించుట న్యాయమే. అయినను, బల్ల లేని, సహవాసము లేని ప్రత్యక్ష అనుభవము పల్లె విశ్వాసిని ఒంటరిగా విడిచిపెట్టునని నా అభిప్రాయము.

లూకా 24లో ఈ రెండు దారులు కలుసుకొనుచున్నవి. ఎమ్మాయు యెరూషలేమునకు అరువది స్టేడియముల దూరమున ఉన్నదని గ్రీకు పాఠము. మన అనువాదకులు 'ఆమడ' అని తేట తెలుగులో వ్రాసిరి. ఆ లెక్కన నంద్యాల నుండి ఆళ్లగడ్డ మూడు నాలుగు ఆమడలు. దారిలో ఆయన వారితో నడిచెను, లేఖనములు వివరించెను, వారి హృదయములు మండెను. అయినను వారు ఆయనను గుర్తుపట్టలేదు. రొట్టె విరిచినప్పుడు గుర్తుపట్టిరి, వెంటనే ఆయన అదృశ్యుడాయెను. ఆయన ఉండుట వారి చూపుమీద ఆధారపడలేదు. ఆరోహణమైన శరీరము బల్ల యొద్ద ఎట్లుండునని లూథరు, జ్వింగ్లీ వాదించుకొనిరి. విశ్వాసులు క్రీస్తును పరలోక సంబంధముగా, ఆత్మ సంబంధముగా పుచ్చుకొందురని ఆంగ్లికన్ మత సూత్రములలో ఇరువది ఎనిమిదవది చెప్పి ఆగినది. ఆ ఆగుటలో వివేకమున్నది.

నేటి పాదిరికి ఇది పుస్తకపు చర్చ కాదు. స్వస్థత జరిగిన చోటనే ప్రభువు ఉన్నాడని గోడపత్రికలు చెబుతున్నవి. స్వస్థత జరుగని ఇంటిలో ఆయన లేడని జనులు దానినిబట్టి అనుకొందురు. సౌలుతో లేచిన క్రీస్తు పలికిన మాట (అపొ. కార్యములు 9:4) దీనిని తలక్రిందులు చేయుచున్నది. హింసింపబడుచున్న సంఘము తానే అన్నట్లు ఆయన మాటలాడెను. దెబ్బ తిన్న చోటనే ఆయన ఉండెను.

మరుసటి సంవత్సరము ఈస్టరుకు ఆ పల్లెకే వెళ్లితిని. ఈసారి సమాధుల తోటలో ప్రార్థన చిన్నదిగా ముగించి, అందరమూ వరుసగా నడిచి పల్లెలోనికి వచ్చి, మంచము పట్టియున్న ఒకాయన ఇంటి ముంగిట సంస్కారపు బల్ల వేసితిమి. ఆ వృద్ధురాలే ఇంట్లోనుండి చాప తెచ్చి పరచింది. రొట్టె అందుకొని, నా వైపు చూచి, "ఈడనా అయ్యగారూ?" అన్నది. "ఈడనే అమ్మా" అన్నాను.