నాలుగో నంబరు ఎవరిది?

2019 వన్డే ప్రపంచకప్‌కు వెళ్లే 15 మంది పేర్లను భారత సెలక్షన్ కమిటీ ఆ ఏడాది ఏప్రిల్ 15న ముంబయిలో ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ ముగిసి అప్పటికి నాలుగు రోజులే అయింది. ఎన్నికల జోస్యాలతో వేడెక్కి ఉన్న గుంటూరు జిల్లాకు క్రికెట్టు ఇంకో తగువు తెచ్చిపెట్టింది. చోటు దక్కని అంబటి రాయుడు పుట్టింది గుంటూరులో. చోటు ఇవ్వని కమిటీకి అధ్యక్షుడైన ఎమ్మెస్కే ప్రసాద్‌దీ గుంటూరు జిల్లాయే. తెనాలి, బాపట్ల, రేపల్లె అప్పటికి ఆ జిల్లాలోనే ఉన్నాయి. బాపట్ల వేరే జిల్లాగా ఏర్పడి రేపల్లెను కలుపుకొన్నది 2022 ఏప్రిల్‌లో. ఈ మూడు ఊళ్ల అభిమానికీ అదే చిక్కు: మనవాడికి అన్యాయం జరిగిందందామంటే, చేసినవాడూ మనవాడే.

తగువంతా బ్యాటింగ్ వరుసలో నాలుగో స్థానం గురించి. మొదటి ముగ్గురు రోహిత్, ధావన్, కోహ్లి ఏళ్ల తరబడి స్థిరంగా ఉన్నారు. వాళ్ల తర్వాత వచ్చే మనిషి మాత్రం కుదరలేదు. 2015 ప్రపంచకప్ అయిన దగ్గర్నుంచి పది మందికి పైగా ఆ స్థానంలో ఆడి చూశారు. 2018 ఐపీఎల్‌లో చెన్నై తరఫున రాయుడు 602 పరుగులు చేయడంతో అతనికి పిలుపు వచ్చింది. యోయో ఫిట్‌నెస్ పరీక్షలో తప్పడంతో ఇంగ్లండ్ పర్యటన చేజారింది. సెప్టెంబరులో ఆసియా కప్‌తో తిరిగి వచ్చాడు. అక్టోబరులో వెస్టిండీస్‌పై విశాఖపట్నంలో 73, ముంబయిలో 100 కొట్టాడు. నాలుగో స్థానానికి ఇతనే తగినవాడని కెప్టెన్ కోహ్లి బహిరంగంగానే అన్నాడు. 2019 ఫిబ్రవరి 3న వెల్లింగ్టన్‌లో భారత్ 18 పరుగులకే 4 వికెట్లు పోగొట్టుకున్నప్పుడు 90 పరుగులతో నిలబెట్టింది కూడా రాయుడే. ఆ రోజు అతనికి తోడుగా 45 పరుగులు చేసినవాడు విజయ్ శంకర్. ఆ పేరు ఈ కథలో మళ్లీ మళ్లీ వస్తుంది.

ఒక్క నెలలో లెక్క తారుమారైంది. మార్చిలో ఆస్ట్రేలియాతో హైదరాబాద్, నాగ్‌పూర్, రాంచీల్లో రాయుడు చేసిన పరుగులు వరుసగా 13, 18, 2. నాగ్‌పూర్‌లోనే విజయ్ శంకర్ 46 పరుగులు చేసి, 11 పరుగులు కాపాడాల్సిన చివరి ఓవర్ వేసి రెండు వికెట్లు తీశాడు. రాయుడి ఆఫ్ స్పిన్ అప్పటికే చేతికి అందకుండా పోయింది. జనవరిలో సిడ్నీలో అతని బౌలింగ్ శైలిపై ఫిర్యాదు వచ్చింది, పరీక్షకు హాజరు కాకపోవడంతో ఐసీసీ నిషేధం పెట్టింది. జట్టు ప్రకటించిన రోజు ప్రసాద్ చెప్పిన కారణం ఇదే ధోరణిలో ఉంది: విజయ్ శంకర్ బ్యాటింగ్ చేస్తాడు, ఇంగ్లండ్ మబ్బుల్లో మీడియం పేస్ వేస్తాడు, ఫీల్డింగ్ బాగుంటుంది, అంటే మూడు కోణాల్లో (త్రీ డైమెన్షన్స్) పనికొస్తాడు. మర్నాడు రాయుడు ప్రపంచకప్ చూడటానికి త్రీడీ కళ్లద్దాలు ఆర్డరిచ్చానని ట్వీట్ చేశాడు. ఆ ఎత్తిపొడుపుతో అసలు వాదన పక్కకు పోయి, ఇద్దరు మనుషుల పంతంగా జనం మనసులో నిలిచిపోయింది.

తర్వాత జరిగింది రాయుడి పక్షం వాళ్లకు బాగా కలిసొచ్చింది. విజయ్ శంకర్ మూడు మ్యాచ్‌లు ఆడి 58 పరుగులు చేసి, కాలివేలి గాయంతో తిరిగొచ్చాడు. స్టాండ్‌బైల జాబితాలో రాయుడు, పంత్, సైనీ ఉన్నారు. ధావన్ బొటనవేలు విరిగితే పంత్‌ను పిలిచారు. విజయ్ శంకర్ స్థానంలో మాత్రం ఆ జాబితాలో లేని మయాంక్ అగర్వాల్‌ను పంపారు. అతను అప్పటికి ఒక్క వన్డే కూడా ఆడలేదు. జులై 3న రాయుడు ఆటకు వీడ్కోలు చెప్పాడు (ఆగస్టులో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నా, భారత్‌కు మళ్లీ ఆడలేదు). మాంచెస్టర్ సెమీఫైనల్లో న్యూజిలాండ్‌పై లక్ష్యం 240. రోహిత్, రాహుల్, కోహ్లి తలా ఒక పరుగు చేసి వెళ్లారు. స్కోరు 5 పరుగులకు 3 వికెట్లు. జడేజా 77, ధోని 50 చేసినా భారత్ 18 పరుగుల తేడాతో ఓడింది. 55 వన్డేల్లో 47 సగటు ఉన్న మనిషి అప్పుడు ఇంట్లో కూర్చుని ఉన్నాడన్నది అభిమానుల బాధ.

ఆ బాధ న్యాయమైనదే కానీ వాదనగా నిలవదు. ముగ్గురు అగ్రశ్రేణి బ్యాటర్లు ఒక్కో పరుగుకు అవుటయ్యాక నాలుగో నంబరుగా ఎవరు వచ్చినా పని కష్టమే. విజయ్ శంకర్ ఎంపికలోనూ తర్కం ఉంది. మయాంక్‌ను పంపడానికీ కారణం చెప్పారు: రాహుల్ ఓపెనింగ్‌కు మారాడు కాబట్టి అదనపు ఓపెనర్ కావాలి. విడివిడిగా చూస్తే ఏ నిర్ణయమూ పిచ్చిది కాదు. లోపం అంతకన్నా లోతున ఉంది. నాలుగేళ్ల ముందే తేదీ తెలిసిన టోర్నమెంటుకు, ఒకణ్ని ఏడు నెలలు తయారు చేసి, మూడు ఇన్నింగ్స్ చూసి నెలన్నర ముందు మార్చేశారు. మధ్య ఓవర్లలో ఆరో బౌలర్ కావాలన్న సంగతి 2019 మార్చిలో కొత్తగా పుట్టింది కాదు. అది ముందే ప్రణాళికలో ఉండి ఉంటే రాయుడికి ఆ ఏడు నెలలూ ఇచ్చేవాళ్లు కాదు. లేకపోతే మూడు వైఫల్యాలకు తీసేయకూడదు.

ఎవరికి ఎన్నాళ్లు ఇవ్వాలన్న ఇలాంటి లెక్కలను వృత్తిగా మార్చింది అమెరికా బేస్‌బాల్. అక్కడ మైదానంలో జట్టును నడిపే మేనేజర్ వేరు, ఆటగాళ్లను తెచ్చే, వదిలే, జీతాలు ఖరారు చేసే కార్యాలయం వేరు. సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఉంటాయి కాబట్టి మూడు ఆటలు చూసి ఎవరూ ఎవర్నీ తేల్చరు. కాలేజీ, హైస్కూలు కుర్రాళ్లను డ్రాఫ్ట్‌లో తీసుకుని, మైనర్ లీగుల్లో ఏళ్ల పాటు పెంచుతారు. పెద్ద లీగులోకి వచ్చాక కూడా దాదాపు ఆరేళ్ల పాటు ఆ ఆటగాడిపై హక్కు క్లబ్బుదే. 2022 దాకా, కిందటేడు బాగా ఓడిన జట్లకు డ్రాఫ్ట్‌లో ముందు వరుస నేరుగా దొరికేది కాబట్టి, ఓటమికి కూడా ఒక విలువ ఉండేది. హ్యూస్టన్ ఆస్ట్రోస్ 2011, 2012, 2013ల్లో వరుసగా 106, 107, 111 మ్యాచ్‌లు ఓడి, 2012 నుంచి 2014 దాకా మూడేళ్లూ డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక దక్కించుకుని, 2017లో విజేత అయింది. ఆ మూడు మొదటి ఎంపికల్లో నిలబడినవాడు కార్లోస్ కొరియా ఒక్కడే. ప్రత్యర్థుల సైగలు దొంగిలించిన వ్యవహారం బయటపడి ఆ కప్పుకు మచ్చ పడటం, జనరల్ మేనేజర్ ఉద్యోగం పోవడం వేరే సంగతి. ఎన్నేళ్లకు పండాల్సిన పంటో ముందే రాసుకున్నారన్నదే ఇక్కడ గమనించాల్సింది.

భారత సెలక్టర్ల చేతిలో ఇలాంటి సరంజామా ఏదీ లేదు. బేస్‌బాల్ కార్యాలయానికి దగ్గరి చుట్టం కావాలంటే ఐపీఎల్ ఫ్రాంచైజీలనే చూడాలి. తెలుగువాళ్లకు అది సన్‌రైజర్స్ హైదరాబాద్. 2012లో డెక్కన్ ఛార్జర్స్ రద్దయ్యాక ఏడాదికి 85.05 కోట్ల చొప్పున హైదరాబాద్ ఫ్రాంచైజీని కొన్నది చెన్నైకి చెందిన సన్ టీవీ. తెనాలి, బాపట్ల మీదుగా సాగే రైలు మార్గం కూడా చెన్నైకే పోతుందని గుర్తుచేసుకుంటే, ఈ ఊళ్లలో చెన్నై జట్టు పసుపు చొక్కాలు కనిపించడం వింతేమీ కాదు.

సన్‌రైజర్స్ చేసిన నిర్ణయాల్లో ఎక్కువ పాఠం ఉన్నది 2018 చివర్లో జరిగిన ఒక మార్పిడిలో. శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి ముగ్గుర్ని తెచ్చుకుంది: విజయ్ శంకర్, స్పిన్నర్ షాబాజ్ నదీమ్, 18 ఏళ్ల అభిషేక్ శర్మ. ఢిల్లీ అంతకుముందు వేలంలో 55 లక్షలకు కొన్న కుర్రాడు అభిషేక్. ధావన్ ఢిల్లీకి 2019లో 521, 2020లో 618 పరుగులు చేశాడు, ఢిల్లీ తొలిసారి ఫైనల్ చేరింది. అప్పుడు తీర్పు చెప్పమంటే హైదరాబాద్ నిండా మునిగిందనేవాళ్లు. 2024లో అదే అభిషేక్ 484 పరుగులు చేశాడు, ఆ సీజన్‌లో అందరికన్నా ఎక్కువగా 42 సిక్సర్లు కొట్టాడు. జట్టు ఫైనల్ చేరింది. 2025 ఏప్రిల్‌లో పంజాబ్‌పై 55 బంతుల్లో 141 చేశాడు.

అయితే దీన్ని ఆరేళ్ల దూరదృష్టి అనడం కూడా తొందరపాటే. ఐపీఎల్‌లో మూడు, నాలుగేళ్లకోసారి మెగా వేలం వస్తుంది, జట్లు దాదాపు విచ్ఛిన్నమవుతాయి. 2022 వేలానికి ముందు సన్‌రైజర్స్ అట్టిపెట్టుకున్నది విలియమ్సన్‌ను 14 కోట్లకు, సమద్, ఉమ్రాన్ మాలిక్‌లను నాలుగేసి కోట్లకు. అభిషేక్‌ను వదిలేసి, వేలంలో 6.5 కోట్లు పెట్టి తిరిగి కొంది. 2018 మార్పిడి వల్ల వచ్చింది అతన్ని మూడేళ్లు దగ్గరగా చూసే అవకాశమే. ఆ చూపుకు ధర కట్టింది 2022 వేలం. అదే ఏడు చేజారిన రషీద్ ఖాన్‌ను గుజరాత్ 15 కోట్లకు తీసుకుని మొదటి సీజన్‌లోనే కప్పు గెలిచింది. విలియమ్సన్‌ను హైదరాబాద్ ఒక్క సీజన్‌కే వదులుకుంది. 2023లో 13.25 కోట్ల హ్యారీ బ్రూక్ ఒక శతకం కొట్టి, మొత్తం 190 పరుగులతో ముగించాడు. జట్టు అట్టడుగున నిలిచింది. మరుసటి వేలంలో కమిన్స్‌కు 20.50 కోట్లు, హెడ్‌కు 6.80 కోట్లు పెట్టింది. కమిన్స్ ధర చూసి నవ్వినవాళ్లు ఉన్నారు. ఏడాది తిరక్కుండా అతని సారథ్యంలోనే ఫైనల్ ఆడింది.

2025 మెగా వేలం ముందు లెక్క మరీ ఆసక్తికరం. ప్రతి జట్టుకు 120 కోట్ల పర్సు. సన్‌రైజర్స్ అయిదుగురికే 75 కోట్లు కేటాయించింది: క్లాసెన్‌కు 23, కమిన్స్‌కు 18, అభిషేక్‌కు, హెడ్‌కు తలా 14, నితీశ్ కుమార్ రెడ్డికి 6. మిగతా జట్టంతా 45 కోట్లలో సర్దుకోవాలి. బ్యాటింగ్ భద్రమైంది, బౌలింగ్ చిక్కిపోయింది. పదకొండేళ్లు ఉన్న భువనేశ్వర్‌ను బెంగళూరు 10.75 కోట్లకు తీసుకుపోయింది. హైదరాబాద్ 10 కోట్లకు షమిని కొంది. ఇద్దరూ 1990లో పుట్టినవాళ్లే. షమి చీలమండ శస్త్రచికిత్స తర్వాత కోలుకుని వస్తున్నవాడన్నది దాచిన రహస్యం కాదు. అతను 9 మ్యాచ్‌ల్లో 6 వికెట్లు తీశాడు, పంజాబ్‌పై నాలుగు ఓవర్లలో 75 పరుగులిచ్చాడు. భువనేశ్వర్ 17 వికెట్లతో కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు. సన్‌రైజర్స్ ఆరో స్థానం. సీజన్ అయ్యాక షమిని లఖ్‌నవూకు పంపేసింది. బ్రూక్ విషయంలో తప్పు ఫలితానిది. షమి విషయంలో తప్పు నిర్ణయానిదే అనాలి, ఎందుకంటే కొన్ననాడే ఆ ప్రమాదం కళ్ల ముందుంది.

ఇక ‘మనవాళ్లేరీ’ అన్న ప్రశ్న. రాయుడు ముంబయికి మూడు, చెన్నైకి మూడు, మొత్తం ఆరు టైటిళ్లలో ఉన్నాడు. హైదరాబాద్ ఫ్రాంచైజీకి ఒక్క మ్యాచ్ ఆడలేదు. సిరాజ్‌ను 2017లో 2.6 కోట్లకు కొన్న సన్‌రైజర్స్ మరుసటి ఏడే వదిలేసింది. తిలక్ వర్మ ముంబయి జట్టులో ఎదిగి పెద్దవాడయ్యాడు. 2022లో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన జట్టుకు వైస్‌కెప్టెన్, గుంటూరు కుర్రాడు షేక్ రషీద్‌ను చెన్నై 20 లక్షలకు తీసుకుని రెండేళ్లు కూర్చోబెట్టి, 2025 ఏప్రిల్‌లో ఆడించింది. ఐపీఎల్ నిబంధనల్లో స్థానిక ఆటగాడికి కోటా ఏదీ లేదు, విదేశీయులకే పరిమితి. కాబట్టి ఇది హక్కుల తగువు కాదు, ఎవరు ముందు చూశారన్న తగువు. ఆ పరీక్షలో సన్‌రైజర్స్ నెగ్గింది ఒక్కసారి: విశాఖ కుర్రాడు నితీశ్‌ను 20 లక్షలకే కొని, 2024లో బ్యాటింగ్ వరుసలో పైకి పంపి ఆడించి, 6 కోట్లకు నిలుపుకుంది. ఆ డిసెంబరులో అతను మెల్‌బోర్న్ టెస్టులో శతకం కొట్టాడు.

ఇప్పటి పద్ధతే సాగితే తర్వాతి మెగా వేలం 2027 సీజన్ అయ్యాక వస్తుంది. అప్పటికి క్లాసెన్‌కు 36 ఏళ్లు నిండుతాయి. అంతర్జాతీయ క్రికెట్ నుంచి అతను 2025 జూన్‌లోనే తప్పుకున్నాడు. కమిన్స్‌కు 34, హెడ్‌కు ఇంచుమించు అంతే. అభిషేక్‌కు 27, నితీశ్‌కు 24.