విశ్రాంత గ్రేహౌండ్ల దీర్ఘకాలిక పోషణ

విశ్రాంత గ్రేహౌండ్ల దీర్ఘకాలిక పోషణ అనగా పరుగు పందేలనుండి విరమించిన గ్రేహౌండ్ జాతి కుక్కలను స్వచ్ఛంద కార్యకర్తలు తమ ఇంట ఉంచుకొని సాకడం. (తెలుగునాట ఈ పేరు వినగానే 1989లో ఏర్పడిన పోలీసు దళమే గుర్తుకు వస్తుంది.)

దత్తతలో కుక్క పెంపకందారుకే చెందుతుంది. పోషణలో యాజమాన్యమూ, వైద్యపు ఖర్చూ సాధారణంగా సంస్థవే, ఆలనాపాలనా కార్యకర్తది. వార్ధక్యం వలన, దీర్ఘవ్యాధుల వలన ఎవరూ దత్తత తీసుకోని కుక్కలకు ఇదే ఆధారం.

పందెపు కుక్క సాధారణంగా ఐదేళ్ళ లోపే విరమిస్తుంది. ఆయుర్దాయం 10-13 ఏళ్ళు. అనగా సగానికి పైగా జీవితం మిగిలే ఉంటుంది. కెన్నెల్‌లోనే పెరిగినందున మెట్లు ఎక్కడం, నున్నని గచ్చుపై నడవడం, అద్దపు తలుపును గుర్తించడం దానికి కొత్త. పిల్లిని చూస్తే తరమవచ్చు, కనుక వీధిలో తాడు విడువరాదు. అయితే దీనిని రోజంతా పరుగెత్తించాలనుకోవడం పొరపాటు. అధికభాగం నిద్రలోనే గడుపుతుంది. కొవ్వు తక్కువ, చర్మం పలుచన కాబట్టి మెత్తని పక్క అవసరం. థయోపెంటాల్ వంటి మత్తుమందులనుండి ఆలస్యంగా తేరుకుంటుంది. శస్త్రచికిత్సకు ముందు ఈ సంగతి వైద్యునికి గుర్తుచేయాలి.

2018లో మకావులోని కానిడ్రోమ్ పందెపుశాల మూతపడినప్పుడు 500కు పైగా కుక్కలు ఒక్కసారిగా నిరాశ్రయమయ్యాయి. వాటికి పలు దేశాలలో ఇళ్ళు వెదకవలసి వచ్చింది.

భారతదేశంలో గ్రేహౌండ్ పందెపుశాలల పరిశ్రమ లేదు. సికింద్రాబాదు వంటి కంటోన్మెంటు పట్టణాల వారికి దగ్గరి ఉదాహరణ, విరమించిన సైనిక జాగిలాలను ఇళ్ళకు దత్తత ఇవ్వడం.