కొత్తపేటకు అక్షరములెన్ని?

"కొత్తపేట" అను పేరులో అక్షరములెన్ని యని మూడవ తరగతి పిల్లవానిని అడిగినచో, వాడు తడుముకొనకుండ "నాలుగు" అని చెప్పును. కొ, త్త, పే, ట. అదే ప్రశ్నను పైతాన్ భాషలో కంప్యూటరును అడిగినచో "ఎనిమిది" అని సమాధానము వచ్చును. అమలాపురమునకు మన లెక్క అయిదు, యంత్రము లెక్క ఎనిమిది. రాజోలునకు మన లెక్క మూడు, దాని లెక్క ఆరు. ప్రోగ్రాము వ్రాయుట నేర్చుకొనబూనిన కోనసీమ విద్యార్థికి మొట్టమొదట కలుగవలసిన ఆశ్చర్యమిది. కాని మన విద్యార్థులలో పెక్కుమందికి ఈ ఆశ్చర్యము కలుగుట లేదు. ఏలయన, వారి చేతికి వచ్చు పుస్తకములలోని ఉదాహరణములన్నియు ఇంగ్లీషు మాటలే. ఆ మాటలకు మనిషి లెక్కయు యంత్రము లెక్కయు ఒక్కటియే.

యంత్రము తప్పు చెప్పలేదు. లోకములోని లిపులకెల్ల సంఖ్యలు కేటాయించు యూనికోడ్ అను ఏర్పాటు ఒకటి కలదు. 1991లో వెలువడిన దాని మొదటి రూపములోనే తెలుగునకు 128 స్థానములు లభించినవి. అందులో "క" కు సంఖ్య 3093. గుణింతపు గుర్తులకు వేరు సంఖ్యలు, పొల్లునకు వేరు సంఖ్య. కనుక కొత్తపేట యనగా యంత్రమునకు క, ఒత్వము, త, పొల్లు, త, ప, ఏత్వము, ట. వ్యాకరణము చదివినవానికి ఇందులో వింత లేదు. కంటికి ఒక్కటిగా కనబడు అక్షరము వెనుక హల్లును అచ్చును వేరుగా చూచుట అతనికి అలవాటే. చూపును ఇట్లు విడదీసికొనుటయే ప్రోగ్రాము రచనలో మొదటి మెట్టు. అది తెలుగు తరగతిలో ఏనాడో జరిగిపోయినది. జరిగినదని విద్యార్థికి ఎవరును చెప్పలేదు, అంతే.

రెండవ మెట్టునకు ఉత్వసంధిని తీసికొందము. రాముడు, అతడు కలిసి రాముడతడు అగును. వాడు, ఎవడు కలిసి వాడెవడు అగును. పదవ తరగతి విద్యార్థి యెవడైనను ఈ పని చేయగలడు. కాని తాను చేసినదానిని తెలుగు ముక్క రానివాడు చేయునట్లు చెప్పుమన్నప్పుడు చిక్కు మొదలగును. మొదటి పదము చివర కొమ్ము ఉన్నదా? ఉన్నచో తీసివేయుము. రెండవ పదము మొదట అచ్చు ఉన్నదా? అది "అ" అయినచో తొలగించి మిగిలినది అతికింపుము. "ఎ" అయినచో తొలగించి ఆ చోట ఎత్వపు గుర్తు పెట్టుము. చూచుటకు అంతయు సక్రమముగనే యున్నది. ఇప్పుడు "రాముడు, వచ్చెను" అని ఇచ్చి చూడుడు. యంత్రము "రాముడ వచ్చెను" అని చేతిలో పెట్టును. రెండవ పదము సంగతి విచారింపకముందే కొమ్మును తీసివేయుమని చెప్పినది మనమే గదా! రెండు ప్రశ్నలకును అవునని సమాధానము వచ్చిన పిమ్మటనే కొమ్ముమీద చేయి వేయవలెను. ఇట్టి దోషమును తానే కనిపెట్టి, తానే దిద్దుకొన్న విద్యార్థికి ప్రోగ్రాము రచన యేమో తెలిసినట్లే. భాషల పేర్లు, పరికరముల పేర్లు తరువాత వచ్చును.

ఇత్వసంధి దగ్గరకు వచ్చుసరికి కథ మరింత రసవత్తరమగును. ఏమంటివి యనవచ్చును, ఏమియంటివి యనవచ్చును. సంధి వైకల్పికమని వ్యాకరణము చెప్పి ఊరకుండును. యంత్రమునకు మాత్రము వికల్పము తెలియదు; ఏదో ఒకటి నిర్ణయించి చెప్పవలెను. సాఫ్టువేరు ఉద్యోగములో సగము కాలము ఈ నిర్ణయముల క్రిందనే గడచిపోవును. "వాయిదా దాటినచో అపరాధ రుసుము వేయవచ్చును" అని బ్యాంకువారు వ్రాసియిత్తురు. ఆ "వచ్చును" అను మాటకు అర్థమేమి? వేయవలెనా, వేయకున్నను చెల్లునా? వాయిదా దినము లెక్కలోనికి వచ్చునా? ఆదివారమైనచో? ఈ ప్రశ్నలు అడుగనేర్చినవాడే పనివాడు. వ్రాత అటుపిమ్మటి మాట.

సూత్రములతో భాషను నిర్మించు పద్ధతికిని కంప్యూటరు భాషల లక్షణమునకును గల పోలికను పరదేశీయులు గుర్తింపకపోలేదు. 1959లో జాన్ బాకస్ రూపొందించిన లక్షణ పద్ధతిని పీటర్ నార్ సంస్కరించెను. ఆ పద్ధతికి పాణిని పేరును కూడ చేర్చవలెనని 1967లో ఇంగర్‌మన్ అను పండితుడు ఒక లేఖలో సూచించెను. అంతమాత్రమున ప్రాచీనులకు కంప్యూటరు తెలియునని చంకలు గ్రుద్దుకొనుట హాస్యాస్పదము. సూత్రము చదివినవానికి ఈ విద్య పరాయిది కాదని గ్రహించిన చాలును.

ఈ మాట కోనసీమలో ప్రత్యేకించి చెప్పవలసిన కారణము కలదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గౌతమీ వసిష్ఠల నడుమ ఈ నేల కాలువ నీటితో పండెను. ఆ పంట బిడ్డల చదువులను నిలబెట్టెను. అమలాపురములో శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ కళాశాల 1951లో వెలసెను. కాని భూమి మీది భరోసా నానాటికి సడలినది. 2011 ఖరీఫ్‌లో ఇచ్చటి రైతులు గిట్టుబాటు ధర లేదని, మురుగుకాలువలు పారుట లేదని, నాట్లు వేయక పంటవిరామము ప్రకటించిరి. అప్పటికే ఎందరో స్త్రీలు ఇంటిపనులకై గల్ఫు దేశములకు పోయియుండిరి. అట్టి ఇంట సాఫ్టువేరు ఉద్యోగమనునది వేడుక కాదు. ఆ సంపాదన మీద చెల్లెలి పెండ్లి, నాన్నగారి అప్పు ఆధారపడియుండును.

1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ ఆశకు ఒక చిరునామా ఏర్పడినది. పట్టము చేత పట్టుకొని, అమలాపురములో రాత్రి బస్సెక్కి, తెల్లవారుసరికి అమీర్‌పేటలో దిగుట ఒక ఆచారమైనది. మైత్రీవనము చుట్టు సందులలో బోర్డుమీద బోర్డు. ఒక్కొక్క బోర్డుమీద ఒక్కొక్క భాష పేరు. ఆ శిక్షణాలయములలో సమర్థులైన ఉపాధ్యాయులున్నారు. అచ్చట నేర్చి పైకి వచ్చినవారు వేలకొలది యున్నారు. అది కాదనరాదు. కాని కొబ్బరితోట మీద ముందుగా కౌలు తీసికొనియో, తల్లి గాజులు కుదువ పెట్టియో వచ్చిన సొమ్ము కొన్ని నెలలలో కరగిపోవును. ఏది నేర్చుకొనుచున్నామో తెలియకముందే ఏ కోర్సునకు గిరాకీ యున్నదో తెలిసికొనవలసివచ్చును. ఉద్యోగము దొరకనివానికి లేని అనుభవమును ఉన్నట్లుగా కాగితముపై చూపు దారి నేర్పువారును తటస్థపడుదురు. ఆ దారిన ఉద్యోగము దొరికినను దినదినగండమే. నియామకులు ఇప్పుడు పూర్వానుభవమును తరచి చూచుచున్నారు. బయటపడిననాడు ఉద్యోగముతోపాటు పరువును పోవును. ఇచ్చటి ఉపాధ్యాయులు విద్యార్థులకు స్పష్టముగా చెప్పవలసిన విషయములలో ఇది యొకటి.

ఇంగ్లీషు భయము వేరొకటి. మాటకు ముందొక "ఆయ్", వెనుకనొక "అండి" లేనిదే పెదవి కదపని కోనసీమ బాలుడు ఇంటర్వ్యూలో నోరు పెగలక కూర్చుండుట కద్దు. ఇంగ్లీషు అక్కరలేదనుట మోసము. యంత్రము తప్పును చూపు వాక్యములు ఇంగ్లీషులోనే వచ్చును; సాటి పనివారితో మాటలాడవలసినది ఆ భాషలోనే. అయితే ఇంగ్లీషు వచ్చిన పిదపనే ప్రోగ్రాము అని గీత గీయుట అంతకంటె పెద్ద మోసము. 2008లో వెలువడిన పైతాన్ మూడవ రూపము మొదలుకొని, ఆ భాషలో విలువలకు తెలుగు అక్షరములతోనే పేర్లు పెట్టుకొనవచ్చును. "మార్కులు" అను పేరుకు 35 అను విలువ నిచ్చినచో యంత్రము మారుమాట లేక స్వీకరించును. ఉద్యోగములో ఎవరును అట్లు వ్రాయరు. అయినను తొలి నెలలో ఆలోచనకును భాషకును మధ్య తగవు లేకుండుట ఎంత మేలో పాఠము చెప్పువారికి తెలియును.

ఇందుకు గొప్ప సాక్ష్యము తెలుగువారిలోనే కలదు. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డి, లోకము రాజ్‌రెడ్డిగా నెరిగిన శాస్త్రవేత్త, ఇసుకలో అక్షరములు దిద్దినవాడు. పల్లెబడిలో తెలుగున చదివినవాడు. 1958లో గిండీ కళాశాలనుండి ఆయన పొందిన పట్టము సివిల్ ఇంజనీరింగులోనిది. ఆస్ట్రేలియాలో పైచదువు చదువుచు డ్యూస్ అను యంత్రముతో ఆయన కంప్యూటరు విద్యలో అడుగుపెట్టెను. అది గాజుబుడ్ల వాల్వులతో నడచునది. పాదరసపు గొట్టములలో తిరుగు ధ్వనితరంగములే దాని జ్ఞాపకశక్తి. పిమ్మట 1966లో స్టాన్‌ఫర్డులో డాక్టరేటు పొంది, మనిషి మాటను యంత్రము గ్రహించు విద్యలో అగ్రగణ్యుడై, 1994లో ట్యూరింగ్ పురస్కారమును ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకొనెను. ఒక్క మహనీయుని చూపి, నీవేల అట్లు కాలేదని ప్రతి బాలుని నిలదీయుట న్యాయము కాదు. ఆయనయు అట్లు తలచినట్లు లేదు. పల్లె విద్యార్థులను పదవ తరగతి కాగానే చేర్చుకొని ఆరేండ్లు చదివించు రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము 2008లో ఏర్పడగా దానికి తొలి కులపతిగా నుండెను. నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో తొలి ప్రాంగణములు వెలసినవి. పదవ తరగతిలో మంచి మార్కులు వచ్చిన బిడ్డ ఇంటికి ఈ సంగతి చేరవేయవలసినది బడి పంతులుగారే.

కోనసీమలో ప్రోగ్రాము వ్రాయువారెందరో యున్నారని లోకమునకు తెలిసిన సందర్భము విచిత్రమైనది. 2020లో కరోనా వలన కార్యాలయములు మూతపడగా ఉద్యోగులు స్వగ్రామములకు చేరి, పెరటి వసారాలలో కూర్చుండి పని సాగించిరి. 2022 మే 24న కొత్తజిల్లా పేరు విషయమై అమలాపురములో అల్లర్లు చెలరేగెను. ప్రభుత్వము అంతర్జాల సేవలను కొన్ని దినములు నిలిపివేసెను. అపుడు చూడవలెను! సంచిలో లాప్‌టాప్ పెట్టుకొని గోదావరి గట్లకు కొందరు, సిగ్నలు అందు పొరుగూళ్లకు కొందరు బయలుదేరిరి. అంతవరకు పక్కింటివారికిని తెలియని ఒక వృత్తి గట్టుమీదికి వచ్చి కూర్చున్నది. పని లంకలోనుండియు చేయవచ్చునని ఆ రెండేండ్లు నిరూపించినవి. తీగ తెగిననాడు ఆ జీవనము ఎంత నిస్సహాయమో ఆ కొన్ని దినములు నిరూపించినవి.

ఇప్పుడొక సందేహము కలదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు, అడిగినంతనే ప్రోగ్రాము వ్రాసియిచ్చు యంత్రములు వచ్చినవి. ఇక నేర్చుటెందుకని పిల్లలు అడుగుచున్నారు. వారి ప్రశ్న తోసివేయదగినది కాదు. కొత్తగా చేరినవారికి పూర్వము అప్పగించుచుండిన చిన్నపనులలో కొన్ని యంత్రములే చేయుచున్నవి. తొలి ఉద్యోగపు గడప కొంత ఎత్తైనది. కాని ఆ యంత్రమునే ఉత్వసంధికి ప్రోగ్రాము వ్రాయుమన్నచో నిమిషములో వ్రాసియిచ్చును. అది "రాముడ వచ్చెను" అనునో అనదో చూడవలసినది ఎవరు? ఏ మాటలు ఇచ్చి పరీక్షింపవలెనో తెలిసినది ఎవరికి? ఇంతవరకు ఆ పని మనిషిదే. పరీక్షించుట రానివానికి ఆ యంత్రము వలన మేలుకంటె కీడే ఎక్కువ.

పాఠశాలలో దీనికి మొదలు పెట్టుటకు గదినిండ కంప్యూటర్లు అక్కరలేదు. ఒక నోటుపుస్తకము, వారమునకొక గంట యంత్రము చాలును. తెలుగు ఉపాధ్యాయుడును గణితోపాధ్యాయుడును కలిసి ఛందస్సును చేపట్టవచ్చును. మూడక్షరముల గణములు ఎనిమిదియే ఏల యని గణితోపాధ్యాయుడు అడుగవలెను. ప్రతి అక్షరము లఘువో గురువో కావలెను గనుక రెండును రెండును రెండును హెచ్చించిన ఎనిమిది. పిమ్మట తెలుగు తరగతిలో గురువును గుర్తించు నియమములను వరుసగా వ్రాయింపవలెను. దీర్ఘమైనచో గురువు. సున్న యున్నచో గురువు. ద్విత్వమునకో, సంయుక్తమునకో ముందున్నచో గురువు. ఇక్కడ ఆగి, ఆ సంయుక్తము తరువాతి తెలుగు పదములోనిదైనచో ఏమగునని అడుగవలెను. తరగతి రెండుగా చీలి వాదించుకొనును. చీలనీయవలెను.

ఉత్పలమాల పాదమునకు ఇరువది అక్షరములు. భ, ర, న, భ, భ, ర, వ గణములు. ఇచ్చిన పాదము ఉత్పలమాలయో కాదో చెప్పు ప్రోగ్రామును పదవ తరగతి పిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి వ్రాయగలరు. ముందుగా వారు యంత్రమునకు మన లెక్కన అక్షరములు లెక్కించుట నేర్పవలసియుండును. ఆ ఒక్క మెట్టునకే రెండు వారములు పట్టవచ్చును. సరిచూచుకొనుటకు మిరియాల దిలీప్ రూపొందించిన "ఛందం" అను సాధనము అంతర్జాలములో కలదు. యతిమైత్రిని గుర్తించు భాగమును మాత్రము వేసవి సెలవులకు ఉంచుకొనుట మంచిది.