ఇల్లు పూర్తయింది.. మీటరే రాలేదు!

బెంగళూరు: ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. బెంగళూరులో ఇల్లు కట్టుకుంటున్న మనవాళ్లు ఈమధ్య దీనికి ఇంకోటి తగిలిస్తున్నారు.. ఓసీ తెచ్చి చూడు అని. ఊళ్లో పొలం అమ్మి మారతహళ్లిలోనో, హూడిలోనో థర్టీ ఫార్టీ సైటు కొని, బ్యాంకు అప్పుతో ఇల్లు లేపినవారికి చివర్లో ఎదురవుతున్న చిక్కు ఇదే. రంగులు వేశారు, టైల్స్ పరిచారు. బెస్కాం మాత్రం ‘ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఏదీ?’ అంటోంది.

నిజానికి ఇన్నేళ్లుగా ఈ నగరంలో ఓసీని పట్టించుకున్న సొంతింటి యజమానులు తక్కువే. పాలికె నుంచి నక్షె తీసుకోవడం, నక్షెలో లేని ఒకటో రెండో అంతస్తులు పైన వేయడం, మీటరు పెట్టించుకుని పాలు పొంగించడం.. అంతా సాఫీగానే సాగిపోయింది. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో కథ మారింది. యూపీలోని మీరట్ కేసులో వచ్చిన తీర్పే అయినా ఆదేశాలు దేశమంతటికీ వర్తిస్తాయి. ఓసీ చూపిస్తేనే కరెంటు, నీరు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వాలి. బ్యాంకులు కూడా ఆ పత్రం చూసుకున్నాకే భవనంపై అప్పివ్వాలి. అక్రమ కట్టడంలో వ్యాపారానికి లైసెన్సు ఇవ్వకూడదు. మంజూరైన ప్లాను పని జరిగినన్నాళ్లూ అందరికీ కనిపించేలా సైటులో పెట్టాలి. 2025లో కర్ణాటక విద్యుత్ సంస్థలు దీన్ని అమలు చేయడం మొదలుపెట్టాకే చాలామందికి సెగ తగిలింది.

పీజీ హాస్టళ్లు నడిపేవారికి ఇది మరీ ఇబ్బంది. మన కుర్రాళ్ల కోసం ఆంధ్రా భోజనం బోర్డులతో వెలిసిన పీజీల్లో చాలావరకు చిన్న సైట్లలో నాలుగు, ఐదు అంతస్తులు లేపినవే. కొత్తగా కట్టేవారికి కనెక్షనూ కష్టం, లైసెన్సూ కష్టం. తాత్కాలిక కనెక్షన్ మీద నెట్టుకొద్దామంటే దాని టారిఫ్ ఇంటి టారిఫ్ కంటే ఎక్కువ.

ఇది కేవలం కాగితాల గొడవ అనుకుంటే పొరపాటు. 2024 అక్టోబరులో బాబుసాబ్‌పాళ్యలో కడుతుండగానే ఓ భవనం కూలి, అక్కడే ఉంటున్న కూలీలు ప్రాణాలు కోల్పోయారు. అనుమతికి మించి అంతస్తులు వేశారని అప్పుడు తేలింది.

చిన్న సైట్లకు ఊరట

సర్కారు కొంత వెసులుబాటు ఇచ్చింది. గ్రేటర్ బెంగళూరు పరిధిలో 1,200 చదరపు అడుగుల లోపు సైటులో గ్రౌండ్ ప్లస్ రెండు, లేదా స్టిల్ట్ ప్లస్ మూడు అంతస్తుల నివాస భవనాలకు ఓసీ అవసరం లేదని 2025లో మినహాయించింది. మినహాయింపు ఓసీకే, నక్షెకు కాదు. ‘థర్టీ ఫార్టీకి ఇక ఏమీ అక్కర్లేదంట’ అని మేస్త్రీ చెబితే నమ్మేయొద్దు. ఇంకో అంతస్తు ఎక్కువ వేస్తే ఆ మినహాయింపూ పోతుంది.

నక్షె తీసుకోవడం మాత్రం ఇప్పుడు సులువైంది. 2024లో వచ్చిన ‘నంబికె నక్షె’ పథకంలో (నంబికె అంటే నమ్మకం) 50-80 అడుగుల వరకు ఉన్న నివాస సైట్లకు నమోదైన ఆర్కిటెక్టు లేదా ఇంజినీరు స్వయంగా ధ్రువీకరించి ప్లాను అప్‌లోడ్ చేస్తే తాత్కాలిక మంజూరు వస్తుంది. అధికారులు పత్రాలను ఆ తర్వాత సరిచూస్తారు. ఖాతా సరిగా లేకపోతే అక్కడ దొరికిపోతారు. బి-ఖాతా సైట్లు ఏళ్ల తరబడి నక్షెకు నోచుకోనిది అందుకే. వాటిని ఎ-ఖాతాకు మార్చుకునే అవకాశాన్ని ప్రభుత్వం 2025 నవంబరులో తెరిచింది. ఇంకోమాట.. 2025 సెప్టెంబరు నుంచి బీబీఎంపీ లేదు. దాని స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు ఉన్నాయి. మీ సైటు ఏ కార్పొరేషన్లోకి వచ్చిందో ముందు కనుక్కోండి.

హైదరాబాద్ లెక్క వేరు

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. హైదరాబాద్‌లో అన్న కట్టాడు కదా, అదే పద్ధతి అనుకుంటారు. 2006 నాటి నిబంధనల నుంచి అక్కడ కట్టేవారు పదిశాతం నిర్మాణాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టే పద్ధతి ఉంది. ఓసీ వస్తేనే ఆ భాగం విడుదలవుతుంది. దాంతో ఓసీ కోసం తిరగాల్సిన అవసరం బిల్డరుకే ఉంటుంది. తెలంగాణలో 2020 చట్టం వచ్చాక 75 గజాల లోపు స్థలానికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. బెంగళూరులో అలాంటి తనఖా లేదు. బిల్డరు డబ్బు తీసుకుని వెళ్లిపోతే ఓసీ మాట ఎత్తేవారే ఉండరు, కొన్నవారే తిరగాలి.

సాధారణంగా ఓసీ ఎక్కడ ఆగుతుందో చూద్దాం. నక్షెలో సెట్‌బ్యాక్ ఒకటి, కట్టింది ఒకటి. పార్కింగ్‌కు చూపిన చోట రెండు షాపులు. బాల్కనీని గదిగా మార్చేయడం. 2003 బైలాస్ 5 శాతం దాకా తేడాలను రుసుముతో క్రమబద్ధం చేసుకోవడానికి వీలిచ్చాయి. అది దాటితే కొట్టేయడమే మార్గం. అక్రమ-సక్రమ వస్తుందిలే అని ఎదురుచూసినవారూ ఉన్నారు. దానిపై 2017 జనవరిలోనే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఇక కొత్తగా కట్టేవారు 1,200 చదరపు అడుగులు, ఆపై సైట్లలో వాన నీటి గుంత తప్పనిసరి అని 2009 నుంచే నియమం. చివర్లో గుర్తొస్తే వేసిన టైల్స్ మళ్లీ తవ్వాలి.

ఫ్లాటు కొనేవారికి

‘ఫినిషింగ్ అయిపోయింది సార్, దిగిపొండి’ అని బిల్డరు తొందరపెడతాడు. అద్దె, ఈఎంఐ రెండూ కట్టలేక దిగేస్తారు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం ఓసీ తెచ్చే బాధ్యత బిల్డరుదే. కొన్నవారు స్వాధీనం తీసుకోవాల్సింది ఓసీ వచ్చిన రెండు నెలల్లోపు. అంటే అది రాకముందు మిమ్మల్ని దిగమని ఒత్తిడి చేసే హక్కు అతనికి లేదు. అమ్మకపు ఒప్పందంలో ‘ఓసీతో స్వాధీనం’ అన్న మాట రాయించుకోండి. ‘పూర్తయ్యాక’ అని రాస్తే ఏది పూర్తి అన్నది తర్వాత గొడవ. ప్రాజెక్టు ప్లాను కర్ణాటక రెరా వెబ్‌సైట్‌లో చూడొచ్చు. అందులోని అంతస్తులను, ఎదురుగా కనిపిస్తున్న అంతస్తులను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే సగం సంగతి తెలిసిపోతుంది.

బళ్లారిలో కడుతున్నారా?

అక్కడ 1976 నాటి కర్ణాటక మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం చూసుకోవాలి. 310వ సెక్షన్ ప్రకారం నిర్మాణం పూర్తయిన నెలలోపు కమిషనర్‌కు నోటీసు ఇచ్చి ప్రవేశానికి అనుమతి కోరాలి. 30 రోజుల్లో తిరస్కరిస్తున్నట్టు చెప్పకపోతే ఇంట్లో దిగొచ్చని అదే సెక్షన్ చెబుతోంది. అయితే చట్టం దిగొచ్చంటుంది గానీ, మీటరు కోసం వెళితే జెస్కాం వాళ్లు అడిగేది చేతిలో పత్రాన్నే. అందుకని నోటీసు ఇచ్చిన రోజే రసీదు తీసుకుని, నెల తిరిగేలోపు కార్పొరేషన్ ఆఫీసుకు రెండుసార్లు వెళ్లి రావడం మంచిది.