ఆడకూలి - మగకూలి

ఎన్నో తరముల తెలుగు బిడ్డలు మార్కాపురము పలకపై ఓనమాలు దిద్దిరి. రాతిని పొరలుగా చీల్చుట, కొలతకు కోయుట, నునుపు చేయుట, చట్రము బిగించుట - ఇన్ని చేతులు మారినగాని పలక బడికి రాదు. ఆ చేతులలో స్త్రీలవియు గలవు. అటు గిద్దలూరు వైపు పొలములలో కలుపు తీయుట, మిరపకాయ కోయుట స్త్రీల పనులే.

మేమెరిగిన పల్లెలలో ఆడకూలి, మగకూలి యని రెండు ధరలు గలవు. కారణమడిగిన, మగవాడు బరువు మోయునందురు. బస్తా బరువు కంటికి కానవచ్చును. ప్రొద్దు గ్రుంకువరకు నడుము వంచి కలుపు తీయుదాని బరువు నే త్రాసున తూతురు?

చట్టము లేదా యనిన, గలదు. రాజ్యాంగములోని 39వ అధికరణము సమాన పనికి సమాన వేతన మనినది. 1976లో సమాన వేతన చట్టము వచ్చినది. అది 2019 నాటి వేతన స్మృతిలో చేరి, 2025 నవంబరులో అమలునకు వచ్చినది. కాని యందులోని మాట "ఒకే పని, లేక దానిని పోలిన పని" యని. చిక్కంతయు నిచ్చటనే యున్నది. రాయి కోయుట వేరు, చట్రము బిగించుట వేరనిన చాలును, పోలిక తెగిపోవును. పేరు మార్చి కూలి తగ్గించుట కంటె సులభమైన యుపాయ మేమున్నది? 1951 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక "సమానమైన విలువ గల పని" యనినది. 1958లో మన దేశమును దాని నంగీకరించినది. ఆ "విలువ" యను మాట మన చట్టములోనికి రావలెనని మా కోరిక.

ఇది జరుగని పని కాదు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము కూలిలో స్త్రీపురుష భేదము కూడదనినది. చెరువు పూడిక తీసిన మట్టికి కొలత ఒక్కటే, ధర ఒక్కటే. ఆ గట్టున సమానముగా కూలి పుచ్చుకొనిన స్త్రీయే మరునాడు పొలమునకు పోయి ఆడకూలికి చేయి చాపవలసి వచ్చెను!

తక్కువ యిచ్చిరని మూడేండ్లలోపల అర్జీ పెట్టుకొనవచ్చును. రుజువు కావలెను గదా. యజమాని కూలిచీటి యీయవలెనని స్మృతి చెప్పుచున్నది. కాని సేద్యమునకు, ఇంటిపనికి అయిదుగురికి మించకుండ పెట్టుకొనిన వారిని విడిచిపెట్టినది. మన యూళ్లలో పెక్కుమంది రైతు లీ లెక్కలోనివారే. భూమిగల యిండ్లలో కూలిలెక్క వ్రాయు సోదరీమణులు, పనిచేసిన వారి పేరు, చేసిన పని, యిచ్చిన కూలి ఒక్క వరుసలో వ్రాసి, చీటి యడిగిన వారికి ఇచ్చుటకు ఏ చట్టమును అడ్డు రాదు.