మజిలీయు తోడును: కాశీమజిలీ కథల సూత్రకథపై ఒక పరిశీలనము

మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు 12 భాగముల గ్రంథము. దానిని చదివినవారిని ఏమి జ్ఞాపకమున్నదని అడిగినచో రాజకుమారుల సాహసములను, మాంత్రికుల మాయలను, శాపవిమోచనములను వరుసగా చెప్పుదురు. దారిలో ఏమి జరిగినదని అడిగినచో ఒక్క క్షణము తడబడుదురు. ఒక యతి, ఒక గోపబాలుడు కాశికి నడచుచుందురు, ప్రతి మజిలీయందును ఒక కథ పుట్టును, అంతియే యందురు. హుజూర్‌నగర్‌లో ఈ గ్రంథమును గూర్చి మేము ప్రసంగించిన నాడు శ్రోతలలోని విద్యార్థి యొకడు లేచి, “కథల సంగతి చెప్పారు సార్, నడిచేవాళ్ళ సంగతి చెప్పలేదు” అనెను. ఆనాడు మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి కలిగింపలేదు. ఆ ప్రశ్నకు కొంత నింపాదిగా చెప్పదలచిన సమాధానమే ఈ వ్యాసము.

కథలను కూర్చుటకై కల్పించిన యతిగోపబాలుల ప్రయాణవృత్తాంతమును ఇచ్చట సూత్రకథ యని వ్యవహరింతము. దారము పూలను గ్రుచ్చుటకే కాని తాను కనబడుటకు కాదు గదా యని ఆ సూత్రకథను విడిచి, ఉపకథలనే పరిశీలించుట మనకు అలవాటైనది. ఈ అలవాటు సరికాదని మా అభిప్రాయము. ఆ యిరువురి దినచర్యయే ఉపకథలలోని అద్భుతమునకు ఆధారము. వారి తోడే గ్రంథమునకు కదలిక. సూత్రకథను తొలగించినచో కథలు మిగులును; కాశీమజిలీ మిగులదు.

సూత్రకథ క్లుప్తమైనది. మణిసిద్ధుడను యతి కాశికి పోవ నెంచెను. దూరపు పయనమునకు తోడు కావలెను. “కాశికి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే” యను సామెత పుట్టిన దేశమున అట్టి తోడు సులభముగా దొరకదు. తుదకొక గోపబాలుడు సమ్మతించెను. కాని యొక నియమము పెట్టెను. దారిలో తనకు వింతగా తోచిన దానిని గూర్చి అడిగినప్పుడెల్ల దాని కథను చెప్పవలెను. చెప్పనిచో తాను వెనుదిరిగి పోవును. యతియొద్ద మహిమగల మణి యొకటి కలదు. దాని ప్రభావముచే ఆయన జరిగిన వృత్తాంతములను తెలిసికొనగలడు. ఇరువురును నడచుచుందురు, మజిలీ చేరుదురు, యతి తన అనుష్ఠానములు తీర్చుకొనును, బాలుడు ఊరు చూచి వచ్చును, చూచిన వింతను అడుగును, భోజనానంతరము యతి చెప్పును, మరల పయనము. కథ దీర్ఘమైనచో మిగిలిన భాగము తరువాతి మజిలీయందు సాగును.

ఈ క్రమమునకు మూలము నిజమైన యాత్రలలో కలదు. మజిలీ యను మాట అరబ్బీభాషలోని మంజిల్ శబ్దము నుండి ఉరుదూ ద్వారమున మనకు వచ్చినది. దిగుచోటు అని దాని యర్థము. ఉరుదూ సంస్కృతపదములు ఒకే పేరులో కలిసిన హుజూర్‌నగర్ వంటి యూళ్లలో ఈ మాటకు వ్యాఖ్యానము అక్కరలేదు. ఏనుగుల వీరాస్వామిగారి కాశీయాత్రచరిత్రను చూచినచో మజిలీ యననేమో స్పష్టపడును. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఆయన 1830 మే 18వ తేదీన బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగివచ్చెను. దాదాపు నూరుగురు పరివారము వెంట నుండిరి. 1838లో అచ్చుపడిన ఆ గ్రంథమున ఆయన ఊరి పేరు, నడచిన దూరము, దారి మంచిచెడ్డలు, నీటివసతి, అంగళ్లలో దొరకు సరకులు, దిగుటకు తగిన చోటు మున్నగు వానిని ఓపికతో వ్రాసెను. యాత్రికునికి మజిలీ యనగా మొదట నీరు, నీడ, వంట. దైవదర్శనము వాని పిమ్మటిది.

దీక్షితులుగారు (1868–1928) ఆ యాత్రల జ్ఞాపకము జనులలో చెదరని కాలమున పెరిగినవారు. నూరుగురి పరివారమును ఆయన ఇరువురికి కుదించిరి. అంగళ్ల ధరవరలను విడిచిరి. నడక, స్నానము, భోజనము, విశ్రాంతి యను వరుసను మాత్రము విడువలేదు. ఈ పునరుక్తి విసుగు పుట్టించునని కొందరందురు. మేమట్లు తలపము. పాఠకుడు మజిలీక్రమమునకు అలవాటు పడును. ఊరు చేరుట, స్నానము, అన్నము అతనికి తెలిసిన విషయములు. ఆ తెలిసినదానిమీద ఒక వింత వచ్చి నిలుచును. అన్నియు వింతలే అయిన లోకమున ఏదియు వింత కాదు. దినచర్య యెంత నిలుకడగా నుండునో అద్భుతము అంత వెలుగును. మరియొక ప్రయోజనమును కలదు. ఉపకథలోని నాయకుడు సముద్రమున పడినను, రాక్షసుని చేత చిక్కినను, మనము మరల మజిలీకి వత్తుమను నమ్మకముండును. ఆ నమ్మకముతోనే పాఠకుడు ఎంతటి భయంకరకథకైనను వెనుదీయడు.

ఇచ్చట మనుచరిత్రను తలచుకొనవలెను. అందలి ప్రవరునకు సిద్ధుడు పాదలేపమిచ్చెను. ప్రవరుడు నడువలేదు, మజిలీలు లేవు, తోడు లేదు, క్షణములో హిమాలయమున నిలిచెను. మంచుకు లేపము కరగెను. ఇంటికి దారి చెప్పువారు లేక ఆ బ్రాహ్మణుడు దిక్కుతోచక తిరిగెను. పెద్దనగారి కథకు ఆ ఒంటరితనమే మూలము. మణిసిద్ధునకును మహిమ కలదు. కాని ఆ మణి ఆయనను ఆకాశమున తీసికొనిపోదు. తెలిసికొనుటకు మణి, పోవుటకు కాళ్లు. మహిమను జ్ఞానమునకు పరిమితము చేసి, నడకను మనుష్యుల పాలు చేయుటయే దీక్షితులుగారి కల్పనలోని వివేకము. మహిమ నడకను హరించి యుండినచో తోడుతో పనియే లేకపోయెడిది.

మన కథాసంపుటుల సూత్రకథలను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో ఈ భేదము ఇంకను స్పష్టమగును. భేతాళకథలలో విక్రమార్కుడు శవమును మోయుచు నడచును. మౌనమే అక్కడి నియమము. కథ ముగిసి రాజు నోరు విప్పగానే భేతాళుడు చెట్టెక్కును. ప్రయాణము మొదటికి వచ్చును. అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతిలో హంస ఇరువది రాత్రులు కథలు చెప్పి హేమావతిని గడప దాటనీయదు. పాలవేకరి కదిరీపతి శుకసప్తతిలో చిలుక పనియు అట్టిదే. వీనియందు కథ ప్రయాణమును వెనుకకు త్రిప్పును, లేదా అడ్డగించును. కేతన తెనిగించిన దశకుమారచరిత్రమున మిత్రులు విడిపోయి, ఎవరి దారిన వారు తిరిగి, కలిసిన పిమ్మట తమ తమ అనుభవములను చెప్పుకొందురు. అక్కడ ఎడబాటు కథలకు కారణము. కాశీమజిలీలో మాత్రము కథ ప్రయాణమును ముందునకు నడుపును. కథ చెప్పినందువలననే బాలుడు మరునాడు అడుగు వేయును. బాలుడు అడుగు వేసినందువలననే యతికి కాశి దగ్గరగును. కథ ఇచ్చట దారిబత్తెము వంటిది.

ఈ తోడు ప్రేమతో ప్రారంభమైనది కాదు, ఒప్పందముతో ప్రారంభమైనది. అదియే దీనిలోని సహజత్వము. దూరప్రయాణములలో మనము తోడు చేసికొనువారు తరచుగా స్నేహితులు కారు. దారి ఒకటైనందున కలిసినవారు. రోజులు గడచినకొలది ఒకరి అలవాటు ఒకరికి తెలియును. ఎవనికి ఎప్పుడు ఆకలి వేయునో, ఎవడు ఏ మాటకు నొచ్చుకొనునో తెలియును. ఒప్పందము క్రమముగా అలవాటగును. అలవాటు ఆప్యాయతగా మారును. ఈ మార్పును దీక్షితులుగారు వర్ణింపరు. ప్రతి మజిలీయందును బాలుడు పరుగున వచ్చి అడుగుటలోను, యతి అడిగినది కాదనకుండుటలోను అది మనకు గోచరించును.

ఉపాధ్యాయులమైన మనము ఇంకొక విషయమును గమనింపవలెను. యతికి సర్వము తెలియును. కాని ఆయన తనంత తాను కథ చెప్పుటకు పూనుకొనడు. ఆయన మజిలీయందే కూర్చుండును. ఊరు చూచువాడు బాలుడు. వింతను గుర్తించువాడు బాలుడు. ఏది అడుగదగినదో నిర్ణయించువాడును బాలుడే. చదువురాని పసులకాపరి ప్రశ్న లేనిచో పండితుని మణి వట్టి రాయి. జ్ఞానము ఒకనియొద్దను, కుతూహలము మరియొకనియొద్దను ఉన్నవి. ఇరువురును కలసి నడచుటవలన గ్రంథము పుట్టినది.

అట్లని ఈ తోడును సమత్వముగా పొగడుట పొరపాటు. యతి యతియే, గోపబాలుడు గోపబాలుడే. గురుశిష్యుల యెడము, కులమువలన కలిగిన యెడము దారి పొడవునను వారితో నడచును. ఐనను ఒప్పందములోని నియమము బాలుడు పెట్టినది. దానికి లోబడినవాడు యతి. వెనుదిరిగి పోగల స్వాతంత్ర్యము చివరివరకు బాలునిదే. ఈ గ్రంథము వెలసిన కాలమును తలచినచో ఇది చిన్న విషయము కాదు.

అన్యభాషలలోను ఇట్టి కల్పనలు కలవు. పదునాలుగవ శతాబ్దమున ఆంగ్లకవి చాసర్ రచించిన కాంటర్‌బరీ కథలలో యాత్రికులు దారిలో కథలు చెప్పుకొందురు. అక్కడను ఒప్పందమున్నది, కాని అది పోటీ. ఉత్తమకథకునకు విందు బహుమానము. మన గోపబాలునకు సన్నిహితుడు 1954–55 సంవత్సరములలో వెలువడిన టోల్కిన్ నవల ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌లోని సామ్ అను తోటమాలి. అతడు యజమానితో కూడ భయంకరదేశమునకు నడచుచు వంటపాత్రలను, ఉప్పును మోసికొనిపోవును. తమ నడకయు ఎన్నడైన కథగా చెప్పబడునా యని అడుగువాడును అతడే. దారి ఇక మోయనీయని స్థితిలో ఆ పాత్రలను పారవేయవలసి వచ్చినప్పుడు అతడు పొందిన దుఃఖము ఆ గ్రంథమునందలి యుద్ధములకంటె పాఠకుని ఎక్కువగా కదిలించును. దినచర్య పోయిన చోటనే దారి నిజముగా భయంకరమగునని ఆ రచయితయు ఎరుగును.

సూత్రకథను విడిచి ఉపకథలను గ్రహించుట చలనచిత్రములలోను జరిగినది. 1951లో వచ్చిన పాతాళభైరవికి కాశీమజిలీ కథ యొకటి ఆధారమని ప్రసిద్ధి. చిత్రమున మణిసిద్ధుడు లేడు, గోపబాలుడు లేడు. ఐనను తోట రాముని వెంట అంజి యున్నాడు. తోడు లేక అద్భుతయాత్ర సాగదని ఆ చిత్రకర్తలును గ్రహించినట్లు తోచుచున్నది.

ఇంతవరకు గ్రంథమును గూర్చి చెప్పితిమి. హుజూర్‌నగర్ ప్రాంతమున ఈ విషయము గ్రంథస్థము మాత్రమే కాదు. దక్షిణమున కృష్ణాతీరమందు మట్టపల్లి నృసింహక్షేత్రమున్నది. మిర్యాలగూడ వైపున కృష్ణామూసీ సంగమమైన వాడపల్లి యున్నది. సూర్యాపేట సమీపమున దురాజ్‌పల్లి పెద్దగట్టుపై రెండేండ్ల కొకసారి లింగమంతుల జాతర జరుగును. ఆ జాతరకు వచ్చువారిలో యాదవులు, అనగా మన గోపబాలుని కులమువారు, అధికులు. నేడు బస్సులు, కార్లు, ట్రాక్టర్లు వచ్చినవి. దారి గంటలకు తగ్గినది. మజిలీతో పని తీరినది. బండ్లపైనను కాలినడకను పోయిన తరము పెద్దవారు కొందరు ఇంకను మన మధ్య నున్నారు. వారినుండి దేవుని మహిమలను వ్రాసికొన్నవారు కలరు. ఎక్కడ దిగిరి, ఏ బావి నీరు త్రాగిరి, ఎవరు పొయ్యి పెట్టిరి, ఎవరు కావలి కాచిరి, రాత్రి ఎవరు ఏ కథ చెప్పిరి, ఎవరు మొదట నిద్రించిరి అని అడిగినవారు అరుదు.

పరిశోధకవిద్యార్థులకు మేము సూచించునది ఇదియే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతముల పెద్దలయొద్దకు పోయి, దేవుని కథతోపాటు దారి కథను గూడ అడుగుడు. కాశీమజిలీలో మణి ఉన్నందున జరిగిపోయినదంతయు తెలిసికొనుట సులభమైనది. మనకు మణి లేదు. ఆ పెద్దలే కలరు. వారు మజిలీ వీడకముందే గోపబాలునివలె పోయి అడుగవలెను. ఆనాడు మా ప్రసంగమున లేచి ప్రశ్నించిన విద్యార్థి ఆ పని అప్పుడే ప్రారంభించినాడని మేము భావించుచున్నాము.