ఆత్రేయపురపు పూతరేకులు: పేరుమీది హక్కు ఎవరిది?

మన స్త్రీలు చేయు పనులలో పేరు లేని పనులే మెండు. పాట కట్టిన యామె పేరు పాటలో నుండదు. ముగ్గు కల్పించిన యామె పేరు ముగ్గుప్రక్క నుండదు. ఊరగాయకు క్రొత్త పాళము కనిపెట్టిన యామె పేరు ఆ యింటి గడప దాటదు. “మనవారికే గదా చేసినది, పేరెందుకు?” అని పెద్దలు చెప్పుచుండెడివారు. పని యింటిలోనే యున్నంతకాలము ఆ మాట చెల్లినది. కాని యదే పని అంగడికెక్కి, దానివలన నొకరు ధనము గడించుచున్నప్పుడు పేరు వట్టి యలంకారము కాదు, అది ఆస్తి. ఆ యాస్తి ఎవరిదని చట్టము అడుగును. తమ పేరు వ్రాయించుకొన్నవారికే అది దక్కును.

ఇది న్యాయవాదులకు మాత్రమే సంబంధించిన విషయమని మన సోదరీమణులు పుట తిరుగవేయరాదు. కోనసీమలో, కొత్తపేట నియోజకవర్గమునకు చేరిన ఆత్రేయపురమున ఈ ప్రశ్న పొయ్యిదగ్గరకే వచ్చి కూర్చున్నది. ఆ యూరి పూతరేకులకు 2023 జూనులో భౌగోళిక సూచిక లభించినది. అనగా “ఆత్రేయపురం పూతరేకులు” అను పేరే చట్టము రక్షించెడి హక్కుగా నమోదయినది. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే ఆ హక్కు ఎవరి చేతిలోనికి వచ్చును? కుండయెదుట కూర్చుండి రేకు తీయు స్త్రీ చేతిలోనికా, పెట్టెపై పేరు ముద్రించి యమ్ము వర్తకుని చేతిలోనికా? దీనినే యిచ్చట విచారింతము.

రేకు వెనుక నున్న పనితనము

బియ్యమును నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలవలె పలుచన చేయుదురు. ఇందుకొరకే చేయించిన మట్టికుండను పొయ్యిమీద బోర్లించి, ఎండు కొబ్బరియాకులతో మంట పెట్టుదురు. పలుచని గుడ్డను ఆ పిండినీటిలో ముంచి, కాగిన కుండ వీపుమీద పరచి లాగుదురు. కన్ను మూసి తెరచునంతలో, కాగితముకంటె పలుచని రేకు కుండమీద నిలుచును. దానిని చినుగకుండ ఎత్తి ప్రక్కన పెట్టుదురు. మంట హెచ్చిన మాడును, తగ్గిన అంటుకొనును, పిండి చిక్కనయిన మందమగును, చేయి తడబడిన చినుగును. పిమ్మట రేకులను మెత్తబరచి, నేయి రాచి, పంచదార పొడిగాని బెల్లపు తురుముగాని చల్లి మడత వేయుదురు.

చేయు విధమును ఇన్ని వాక్యములలో చెప్పితిమి. దీనిని చదివి పొయ్యి వెలిగించినవారికి మొదటి దినమున రేకు రాదు. అది పుస్తకములోని విద్య కాదు, చేతిలోని విద్య. తల్లిప్రక్క కూతురును, అత్తప్రక్క కోడలును కూర్చుండి నేర్చుకొనునది. పొగను, వేడిని సహించి గంటలకొలది కూర్చుండువారు హెచ్చుగా స్త్రీలే. వారిలో కొందరు తామే మడత వేసి యమ్ముకొందురు. కొందరు రేకులు మాత్రము తీసి, లెక్కించి దుకాణముల కిత్తురు. కొందరు కూలికి పని చేయుదురు. ఈ భేదమును చదువరులు మనసున నుంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

రచయిత హక్కు వంటకు వర్తించునా?

చేసినవారికి చేసినదానిమీద హక్కుండవలెనను న్యాయము పుస్తకముల విషయమున చట్టమయినది. 1710లో ఇంగ్లండున అమలునకు వచ్చిన శాసనము, గ్రంథమును ముద్రించు హక్కు కొంతకాలము గ్రంథకర్తదే యని నిర్ణయించినది. మన దేశమున 1914లో నొక చట్టమును, స్వాతంత్ర్యానంతరము 1957లో నొక చట్టమును వచ్చినవి. ఈ రెండవదే, పలు సవరణలతో, నేడును అమలులో నున్నది. దీనినే కాపీరైటు చట్టమందురు. దీని ప్రకారము ఒకామె వ్రాసిన కథను ఆమె యనుమతి లేక మరియొకరు అచ్చొత్తింపరాదు, భాషాంతరీకరింపరాదు, చలనచిత్రముగా తీయరాదు. ఆమె జీవించినంతకాలమును, పిమ్మట 60 సంవత్సరములును ఈ హక్కు నిలుచును. దీనికి నమోదు తప్పనిసరి కాదు. కథ కాగితముమీద పడిన క్షణముననే హక్కు పుట్టును.

అయితే ఈ చట్టము రక్షించునది మాటల కూర్పును, రూపమును. చేయు విధమును కాదు. వంటలపుస్తకము వ్రాసిన యామె వాక్యములను దొంగిలించి అచ్చువేసికొన్నవాడు చట్టమునకు చిక్కును. ఆ పుస్తకము చూచి పులిహోర కలిపి యమ్మినవాడు చిక్కడు. పేటెంటు హక్కుందుము కదా యనిన, అది క్రొత్తగా కనుగొన్నదానికే, అదియు 20 సంవత్సరములకే. తరతరములనుండి వచ్చుచున్న విద్య కది వర్తింపదు. పూతరేకు ఒక్కరి రచన కాదు. ఒక యూరి చేతులన్నియు కలసి దిద్దిన రచన. ఒక్కరిని హక్కుదారుగా నెంచు చట్టములలో దానికి చోటు లేకపోయినది.

ఇట్టి వస్తువులకై వచ్చినదే భౌగోళిక సూచికల చట్టము. ఇది 1999లో పుట్టి, 2003 సెప్టెంబరునుండి అమలునకు వచ్చినది. ఆ కాలమున జరిగిన యొక సంగతిని చెప్పవలెను. 1997లో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమునకు చెందిన రైస్‌టెక్ అను సంస్థ బాస్మతి జాతి బియ్యముపై పేటెంటు పొందినది. మన రైతులు తరతరములుగా పండించుచున్న ధాన్యముమీద పరదేశమున హక్కు పుట్టినది! భారత ప్రభుత్వము వాదింపగా ఆ పేటెంటులోని పెక్కు భాగములు నిలువలేదు. పేరును కాపాడుకొనకున్న పంటయు మనది కాకుండ పోవునను సంగతి మాత్రము అందరికిని తెలిసివచ్చినది. క్రొత్త చట్టము క్రింద మొదట దార్జిలింగు తేయాకు నమోదయినది. తరువాత మన పోచంపల్లి ఇకత్తు, ఉప్పాడ జాందానీ, తిరుపతి లడ్డు, బందరు లడ్డు మొదలగునవి ఆ వరుసలో చేరినవి.

ఊరి పేరు ఊరివారిది

ఆత్రేయపురమునకు ఈ గుర్తింపు కోరుచు 2021లో దరఖాస్తు చేసినది సర్ ఆర్థర్ కాటన్ ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘము. విశాఖపట్టణమునందలి దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమువారు వారికి తోడ్పడిరి. ఆక్షేపణ లున్నవారు తెలుపుకొనుటకు దరఖాస్తును ప్రకటించి, గడువు ముగిసిన పిమ్మట పేరును నమోదు చేసిరి.

ఈ హక్కు స్వభావము రచయిత హక్కునకు రెండు విధముల భిన్నమైనది. రచయిత తన హక్కును అమ్ముకొనవచ్చును. అక్కరలో నున్నప్పుడు స్వల్పమునకే అమ్ముకొన్న కవులును గలరు. ఊరి పేరుమీది హక్కును అమ్ముటకు, తాకట్టు పెట్టుటకు వీలులేదు. రచయిత హక్కు కొంతకాలమునకు తీరిపోవును. ఇది పదేండ్ల కొకమారు తిరిగి నమోదు చేయించుకొన్నంతకాలము నిలుచును. ధనవంతుడొకడు వచ్చి మూటకట్టి పట్టుకొనిపోలేని యాస్తి యన్నమాట.

ఇందువలన ఇతర గ్రామముల స్త్రీలకు పూతరేకులు చేసికొనుట నిషిద్ధమగునేమో యని కొందరు శంకింతురు. అట్టిదేమియు లేదు. హైదరాబాదున చేసిన పూతరేకును పూతరేకనియే అమ్మవచ్చును. ఆత్రేయపురపు పూతరేకని చెప్పి యమ్మరాదు. చట్టము విద్యకు సంకెల వేయలేదు, అబద్ధమునకు వేసినది. ఆ పేరును అక్రమముగా వాడువారికి ఖైదును, జరిమానాయు విధించినది.

పట్టికలో పేరు

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. భౌగోళిక సూచికల పట్టికలో రెండు భాగము లున్నవి. మొదటి భాగమున వస్తువు పేరును, దానికి యజమానిగా సంఘము పేరును వ్రాయుదురు. రెండవ భాగమున ఆ పేరును వాడుకొను అధికారము గల వ్యక్తుల పేర్లు వ్రాయుదురు. వీరిని అధీకృత వినియోగదారులందురు. ఊరిలో పుట్టినంతమాత్రమున, నలుబదియేండ్లు రేకులు తీసినంతమాత్రమున ఈ రెండవ భాగమున పేరు చేరదు. దరఖాస్తు చేసికొనవలెను. చేసికొన్నవారికే ఆ పేరును తమ వస్తువుపై హక్కుగా ముద్రించుకొనుటకును, దొంగపేరుతో అమ్మువారిపై తాముగా వ్యాజ్యము వేయుటకును అధికారము.

ఇందులో నొక సూక్ష్మము గలదు. ఉత్పత్తిదారుడను మాటకు ఈ చట్టము చెప్పిన యర్థములో వస్తువును చేయువారే గాక, దాని వ్యాపారము చేయువారును చేరుదురు. కావున వర్తకుడును ఆ పట్టికలో పేరు వ్రాయించుకొనవచ్చును. అది తప్పు కాదు. సరకును దూరదేశములకు చేర్చువారు లేకున్న ఊరి పేరు ఊరిలోనే యుండెడిది. కాని వర్తకులు మాత్రమే వ్రాయించుకొని, రేకు తీయు స్త్రీలు వ్రాయించుకొనకున్న నేమగును? పేరు ఆత్రేయపురముదే యగును; హక్కు అంగడిదగును; పొగ మాత్రము మన స్త్రీలదగును.

“మా దుకాణదారు మంచివాడు, ఆయన పేరుండిన మా పేరున్నట్లే” యని కొందరు సోదరీమణులు అనవచ్చును. ఆయన మంచితనమును మేము కాదనము. అయితే మంచితనము మనుష్యునితో పోవును, హక్కు పట్టికలో నిలుచును. రచయితల చరిత్రయే యిందుకు తార్కాణము. చలనచిత్రములకు పాటలు వ్రాసినవారు, బాణీలు కట్టినవారు తమ హక్కులనన్నిటిని నిర్మాతలకు వ్రాసియిచ్చుట చిరకాలము వాడుకయై యుండెను. 1977లో సర్వోన్నత న్యాయస్థానము ఇచ్చిన తీర్పును నిర్మాతలకే అనుకూలించినది. పాట దేశమంతట మ్రోగినను కట్టినవారికి కాసు రాని కాలమది. తుదకు 2012లో చట్టమును సవరించి, పాట సినిమాహాలు వెలుపల వినియోగింపబడినప్పుడు రాయల్టీలో గీతకర్తకును, సంగీతకర్తకును సమాన భాగము రావలెననియు, దానిని నిర్మాతకు వదలుకొన్నట్లు వ్రాసియిచ్చినను చెల్లదనియు విధించిరి. పేరుమోసిన కవులకే చట్టము అండ కావలసివచ్చిన దన్నచో, రేకులు లెక్కించి యిచ్చు స్త్రీ సంగతి వేరుగ చెప్పనేల? భౌగోళిక సూచికల చట్టములో అట్టి భాగపు నియమము లేదు. లాభములో కూలి యెంత, రేకు వెల యెంత యను సంగతిని ఊరివారే తేల్చుకొనవలెను. పట్టికలో పేరున్న స్త్రీలు ఆ మాట యడుగుటకును, పేరు లేని స్త్రీలు అడుగుటకును చాల భేదమున్నది.

ఖర్చునకు వెరచి వెనుదీయ నక్కరలేదు. అధీకృత వినియోగదారుగా చేరుటకు రుసుము పూర్వము 500 రూపాయలుండగా, 2020లో నియమములను సవరించి 10 రూపాయలు చేసిరి. పది రూపాయలకు ఒక పూతరేకు వచ్చుటయు కష్టమే. అడ్డము ధనము కాదు. కాగితమన్న జంకు, “నా పేరెందుకు” అను మొగమాటము. స్వయంసహాయక సంఘములలో పొదుపు లెక్కలు వ్రాసికొనుచున్న స్త్రీలకు ఈ దరఖాస్తు కొండయెక్కుట కాదు. భర్త పేరనో, కుమారుని పేరనో గాక, పని చేయు స్త్రీ తన పేరనే దానిని పంపవలెను. చదువుకొన్న యాడపడుచులు గ్రామమున నలుగురైనను కూడి తక్కినవారికి వ్రాసిపెట్టిన నది గొప్ప యుపకారము.

కొనువారి ధర్మమును గలదు. పండుగకో, పెండ్లికో పూతరేకులు తెప్పించునప్పుడు పెట్టెమీద భౌగోళిక సూచిక గుర్తున్నదా, చేసినవారి పేరున్నదా యని చూడుడు. లేకున్న నడుగుడు. కొనువారు అడుగనిదానిని అమ్మువారు ముద్రింపరు.

వ్రాయు సోదరీమణులకును, పాడు సోదరీమణులకును, కుట్టుపనిలో క్రొత్త చిత్రములు కల్పించు సోదరీమణులకును ఇందొక బోధ గలదు. మీ రచనను ఎవరికైన నిచ్చునప్పుడు ఎంతకాలమునకు, ఏ ప్రాంతమునకు, ఎంత ప్రతిఫలమునకు ఇచ్చుచున్నారో కాగితముమీద పెట్టించుకొనుడు. కాలము వ్రాయకున్న అయిదేండ్లనియు, ప్రాంతము వ్రాయకున్న భారతదేశము మాత్రమే యనియు చట్టము తలచును. ఊరక యిచ్చుటయు తప్పు కాదు. తెలిసి యిచ్చిన నది దానము. తెలియక పోగొట్టుకొన్న నది నష్టము.

మన తల్లులు పేరు కోరక పని చేసిరి. అది వారి యౌదార్యము. ఆ పనిమీద నేడు వ్యాపారములు నడచుచుండగా, పేరు వ్రాయించుకొనుట గర్వమని తలపరాదు. అది మన కూతుండ్రకు మనము చేయవలసిన పని. రేకు తీయుటతో పాటు పేరు వ్రాయుటయు వారికి నేర్పుదము.